టోబా బూడిద కింద దొరికిన రాళ్లు: చేసింది మన పూర్వీకులేనా?

ఈ ఎపిసోడ్‌లో కర్నూలు గుహల దగ్గరికి పోదాం. "77 వేల ఏళ్ల కిందటే తెలుగు నేల మీద మన పూర్వీకులు ఉన్నారు, పెద్ద అగ్నిపర్వతం పేలినా బతికి బయటపడ్డారు" అనే మాట మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. వినడానికి గర్వంగానే ఉంటది. కానీ ఆ ఒక్క వాక్యంలో మూడు వేరు వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. ఆ రాతి పనిముట్లు ఎప్పటివి? వాటిని చేసింది ఎవరు? వాళ్లకూ మనకూ చుట్టరికం ఉందా? మొదటి ప్రశ్నకు దొరికిన జవాబును మిగతా రెండింటికి కూడా వాడేస్తున్నాం. తేడా ఎక్కడ వస్తదో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా మన బొగ్గు బెల్టుకు ఈ కథతో ఉన్న లింకు చెప్తా. సింగరేణి చరిత్ర చదివిన వాళ్లకు విలియం కింగ్ పేరు తెలుసు. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును కనిపెట్టిన జియలాజికల్ సర్వే ఆఫీసర్ ఆయన. అక్కడి కింగ్ సీమ్‌కు ఆ పేరు ఆయన వల్లనే వచ్చింది. అదే కింగ్ ఎనిమిదేళ్ల ముందు, 1863 సెప్టెంబర్‌లో, మద్రాసు దగ్గరి అత్తిరంపాక్కంలో తోటి ఆఫీసర్ రాబర్ట్ బ్రూస్ ఫుట్‌తో కలిసి రాతి గొడ్డళ్లు ఏరాడు. దానికి నాలుగు నెలల ముందే, మే 30న, ఫుట్‌కు పల్లావరంలో ఒక రాతి గొడ్డలి దొరికింది. మన దేశంలో ఆదిమానవుడి మీద శాస్త్రీయ పరిశోధన అక్కడే మొదలైందని చెప్తారు. అంటే బొగ్గు వెతికిన కన్ను, ఆదిమానవుడిని వెతికిన కన్ను ఒక్క డిపార్ట్‌మెంటువే. ఇద్దరికీ వచ్చిన విద్య ఒకటే, పొరలు చదవడం.

ఆ విద్య రామకృష్ణాపూర్‌లో ఉన్నోళ్లకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. ఓపెన్‌కాస్టు అంచున నిలబడి ఎదుటి గోడను చూస్తే పైన మట్టి, కింద ఇసుకరాయి, దాని కింద నల్లటి సీమ్, మళ్లీ రాయి, మళ్లీ సీమ్. కింద ఉన్నది ముందు పడ్డది, పైన ఉన్నది తర్వాత పడ్డది. మధ్యలో ఫాల్ట్ వస్తే లెక్క తప్పుతది, అది కూడా బాయిలో పని చేసినోళ్లకు తెలుసు. గుహల తవ్వకంలో కూడా ఇదే సూత్రం. కాకపోతే ఇక్కడ సీమ్ మందం మీటర్లలో ఉంటది, అక్కడ పొర మందం కొన్నిసార్లు వేలెడంతే. ఫాల్ట్ చేసే పని అక్కడ ఎలుక బొరియలు, చెట్ల వేర్లు, వరద నీళ్లు చేస్తాయి.

ఇక కర్నూలు. బేతంచెర్ల బండలు మనలో చాలామంది ఇళ్లల్లో ఉన్నవే. ఆ సున్నపురాయి నేలలోనే గుహలు ఉన్నాయి. వాన నీళ్లు సున్నపురాయిని మెల్లగా కరిగించుకుంటూ పోతే గుహ తయారైతది. టూరిస్టులు పోయే బెలుం గుహలు కూడా అట్ల తయారైనవే. బేతంచెర్ల దగ్గరున్న బిల్లసర్గం గుహల్లో ఎముకలు ఉన్నాయని 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ రాశాడు. నలభై ఏళ్ల తర్వాత, 1884లో, ఫుట్ అక్కడికి వెళ్లాడు. తర్వాత తవ్వకాలను ఆయన కొడుకు, సైన్యంలో లెఫ్టినెంట్‌గా ఉన్న హెన్రీ బ్రూస్ ఫుట్ నడిపించాడు. ఒక గుహలో ఎముకలు ఎంతగా ఉన్నాయంటే, దానికి "ఎముకల కొట్టం" అనే అర్థం వచ్చేలా చార్నెల్ హౌస్ అని పేరు పెట్టారు. అక్కడ దొరికిన ఖడ్గమృగం ఎముకలను చూసి లిడెక్కర్ అనే శాస్త్రవేత్త ఆ జంతువుకు రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని కర్నూలు పేరే పెట్టాడు. కర్నూలులో ఖడ్గమృగాలు తిరిగాయంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు.

అయితే ఫుట్ దగ్గర పొరల వరుస ఉంది గానీ గడియారం లేదు. ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పగలడు. ఎన్నేళ్ల ముందు అంటే చెప్పలేడు. ఆ గడియారం రావడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది.

1940ల చివర్లో అమెరికాలో విల్లార్డ్ లిబ్బీ కార్బన్-14 పద్ధతిని తెచ్చాడు, దానికే 1960లో నోబెల్ అందుకున్నాడు. విషయం సింపుల్. బతికున్న ప్రతి చెట్టు, ప్రతి జంతువు గాలి నుంచో తిండి నుంచో కొద్దిగా కార్బన్-14 తీసుకుంటూనే ఉంటది. చచ్చిపోయాక తీసుకోవడం ఆగుతది, ఒంట్లో ఉన్నది తరుగుతూ పోతది. ప్రతి 5,730 ఏళ్లకు సగం అయితది. పది సగాలు అయ్యేసరికి, అంటే 57 వేల ఏళ్లకు, వెయ్యిలో ఒక వంతు కూడా మిగలదు. అందుకే ఈ పద్ధతి సుమారు 50 వేల ఏళ్ల వరకే పనికొస్తది.

మరి మన బొగ్గులో కార్బన్-14 ఎంత? సున్నా. గోదావరి లోయ బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైగా పాతది, ఎప్పుడో ఖాళీ అయిపోయింది. అందుకే మెషీన్ సున్నాను సున్నాగానే చూపిస్తుందా అని చెక్ చేయడానికి ల్యాబుల్లో నేలబొగ్గు లాంటి పాత కర్బనాన్నే వాడతారు. ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. కోట్ల ఏళ్ల నాటి బొగ్గు ముక్కకు ఒక్క శాతం ఈ కాలపు కర్బనం అంటుకుంటే, మెషీన్ దాని వయసు సుమారు 37 వేల ఏళ్లు అని చూపిస్తది. కోట్లు పోయి వేలల్లోకి వచ్చింది, ఒక్క శాతం మురికితో! గుహలో అట్లాంటి కొత్త కర్బనానికి కొదవ ఉండదు. వేర్లు దిగుతాయి, గబ్బిలాల రెట్ట పడుతది, నీళ్లలో కరిగి వస్తది. సున్నపురాయి దగ్గర దీనికి రివర్స్ చిక్కు కూడా ఉంది. నత్తలు సున్నపురాయిలోని పాత కర్బనాన్ని గుల్లలోకి తీసుకుంటే, వాటి వయసు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించొచ్చు.

50 వేల ఏళ్లు దాటినదానికి వేరే గడియారాలు కావాలి. ఒకటి ఓఎస్‌ఎల్. ఇసుక రేణువు మట్టిలో పూడిపోయాక, చుట్టూ ఉన్న సహజ రేడియేషన్ వల్ల దానిలో కొద్దికొద్దిగా శక్తి జమ అయితది. ఎండ తగిలితే ఆ జమ అంతా ఖాళీ. కాబట్టి జమ ఎంతుందో కొలిచి, ఏడాదికి ఎంత చొప్పున పడుతుందో దానితో భాగిస్తే, ఆ రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో తేలుతది. శాంపిల్‌కు వెలుతురు తగలకూడదు కాబట్టి పొరలోకి ఇనుప గొట్టం దిగ్గొట్టి, మూసేసి తీస్తారు. ఇంకొకటి యురేనియం-థోరియం పద్ధతి. గుహలో నీళ్ల నుంచి పేరుకునే సున్నపు పెచ్చులో మొదట యురేనియం ఉంటది, థోరియం దాదాపు ఉండదు. కాలం గడిచేకొద్దీ యురేనియం థోరియంగా మారుతది. రెండింటి నిష్పత్తి చూస్తే పెచ్చు వయసు తెలుస్తది. ఇది లక్షల ఏళ్ల దాకా పని చేస్తది.

ఇక్కడ ఒక విషయం పట్టుకోండి. కార్బన్-14 చెప్పేది ప్రాణి చచ్చిపోయిన కాలం. ఓఎస్‌ఎల్ చెప్పేది ఇసుక పూడిన కాలం. యురేనియం పద్ధతి చెప్పేది సున్నపు పెచ్చు కట్టిన కాలం. రాతి పనిముట్టును మనిషి చెక్కిన కాలాన్ని ఈ మూడింటిలో ఏదీ నేరుగా చెప్పదు. పనిముట్టు ఆ పొరలో దొరికింది కాబట్టి పొర వయసే దాని వయసు అని మనం అనుకుంటున్నాం. ఆ అనుకోవడం సరైనదేనా అని చూడటమే తవ్వకంలో అసలు పని.

ఇప్పుడు జ్వాలాపురం. ఇప్పటి నంద్యాల జిల్లా, బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో ఉంది. అక్కడ భూమిలో తెల్లటి బూడిద పొర ఉంది, కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం. అది ఇక్కడి బూడిద కాదు. సుమారు 2,600 కిలోమీటర్ల దూరంలో, ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరొచ్చి పడ్డది. బూడిదలోని గాజు రేణువుల రసాయన గుణం వేలిముద్రలాగా సరిపోయింది. గాలిలోంచి నేరుగా రాలినది కొన్ని సెంటీమీటర్లే, మిగతాది చుట్టుపక్కల నుంచి నీళ్లు కొట్టుకొచ్చి నింపిన బూడిద. ఆ పేలుడు జరిగి సుమారు 74 వేల ఏళ్లు. గత 20 లక్షల ఏళ్లలో భూమి చూసిన అతిపెద్ద పేలుళ్లలో అదొకటి. అది మిగిల్చిన గుంతే ఇప్పుడు 100 కిలోమీటర్ల పొడవున్న టోబా సరస్సు.

ఆ బూడిద పొర ఎందుకంత విలువైనదంటే, అది ప్రకృతి వేసిన టైమ్‌స్టాంప్. దాని వయసు టోబా దగ్గరి స్ఫటికాల మీద ఆర్గాన్ పద్ధతితో బాగా తేలింది. కేంబ్రిడ్జ్‌లో పని చేసిన మైకేల్ పెట్రాలియా, ధార్వాడ్‌లోని కర్ణాటక యూనివర్సిటీ నుంచి రవి కొరిశెట్టర్, వాళ్ల బృందం ఇక్కడ తవ్వి 2007లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. బూడిద కిందా రాతి పనిముట్లు దొరికాయి, బూడిద పైనా దొరికాయి. రెండూ దాదాపు ఒకే తీరు. ఓఎస్‌ఎల్ ప్రకారం బూడిద కింది పొర 77 వేల ఏళ్లు, అటూ ఇటూ 6 వేలు. పై పొర 74 వేల ఏళ్లు, అటూ ఇటూ 7 వేలు.

ఆ "అటూ ఇటూ" దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే ఫార్వర్డ్ మెసేజ్‌లో మొదట ఎగిరిపోయేది అదే. 77 అంటే 71 నుంచి 83 దాకా ఏదైనా కావచ్చు. 74 అంటే 67 నుంచి 81 దాకా. రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కేవలం ఈ అంకెలు చూస్తే ఏది ముందో కూడా తేలదు. తేల్చింది మధ్యలో ఉన్న బూడిద పొర, దానికి పైనా కిందా అనే వరుస. ఫుట్, కింగ్‌లకు తెలిసిన ఆ పాత విద్యే ఇక్కడ కొత్త మెషీన్‌ను కాపాడింది.

సరే, మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. టోబాకు ముందూ తర్వాతా జుర్రేరు లోయలో ఎవరో ఉన్నారు. పేలుడుతో మనుషులందరూ తుడిచిపెట్టుకుపోయారు అనే వాదనకు ఇది పెద్ద దెబ్బ. ఇక రెండో ప్రశ్న. ఆ ఎవరో, ఎవరు?

పెట్రాలియా బృందం ఆ పనిముట్ల తీరును ఆఫ్రికాలో ఆధునిక మానవులు చేసిన వాటితో పోల్చి, చేసింది మనలాంటి మనుషులే అయ్యుండొచ్చు అన్నది. 2013లో పాల్ మెల్లర్స్, ఆయన తోటివాళ్లు దీనికి ఎదురు వాదించారు. ఆధునిక మానవులు ఇక్కడికి వచ్చింది 60 నుంచి 50 వేల ఏళ్ల మధ్యనే, జ్వాలాపురం బూడిద దగ్గరి రాళ్లు అంతకు ముందున్న వేరే మానవ జాతివి కావచ్చు అన్నారు. వేరే జాతి అనడానికి ఆధారం ఉందా? ఉంది. 1982లో నర్మద ఒడ్డున హత్నోరాలో అరుణ్ సొనాకియాకు దొరికిన పుర్రె మనది కాదు, మనకంటే ముందటి మానవ జాతిది. ఇంకో చిక్కును అత్తిరంపాక్కమే తెచ్చింది. శాంతి పప్పు, కుమార్ అఖిలేశ్ బృందం 2018లో నేచర్‌లో రాసినదాని ప్రకారం, ఇట్లాంటి పద్ధతిలో రాళ్లు చెక్కడం అక్కడ సుమారు 3 లక్షల 85 వేల ఏళ్ల కిందటే మొదలైంది. మన జాతికి దొరికిన అతి పాత ఎముకలు మొరాకోలోనివి, అవే సుమారు 3 లక్షల ఏళ్లవి. కాబట్టి రాయి తీరు చూసి చెక్కింది ఎవరో చెప్పడం అంత సులువు కాదు.

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్లకు బాగా అర్థమయ్యే సమస్య. కోడ్ కనబడుతోంది, టైమ్ కూడా ఉంది, కానీ రాసినోళ్ల పేరు లేదు. ఒకే టెక్నిక్ ఇద్దరికి వచ్చి ఉండొచ్చు. పేరు కావాలంటే ఎముకలు కావాలి, లేదా డీఎన్‌ఏ కావాలి. జ్వాలాపురం బూడిద కింద మనిషి ఎముక దొరకలేదు.

అదే లోయలో జ్వాలాపురం-9 అనే చోట పెద్ద బండల నీడలో ఒక ఆవాసం ఉంది. అక్కడ వేలెడంత కూడా లేని సన్న రాతి పనిముట్లు, పూసలు దొరికాయి. కార్బన్-14 లెక్కతో అవి 35 వేల ఏళ్ల కిందటి నుంచి మొదలవుతాయి. ఇక్కడికి వచ్చేసరికి చేసింది ఆధునిక మానవులేనని రెండు పక్షాలూ ఒప్పుకుంటాయి. కర్నూలు గుహల్లోనే ముచ్చట్ల చింతమాను గవిలో ఎం.ఎల్.కె. మూర్తి 1970లలో తవ్వినప్పుడు ఎముక పనిముట్లు దొరికాయి, ఒక పొయ్యి జాడ కూడా. ఆ పొయ్యి వయసు సుమారు 17 వేల ఏళ్లు. నిప్పు చుట్టూ కూర్చుని ఏం మాట్లాడుకున్నారో గానీ, మాట్లాడుకునే ఉంటారు.

ఎముకలు దొరికిన గుహల్లోనైనా గొడవ తీరిందా అంటే, ఒకచోట తీరింది, ఒకచోట ముదిరింది. శ్రీలంకలో ఫాహియన్ గుహలో 45 వేల ఏళ్లకు పైబడిన సన్న రాతి పనిముట్లు ఉన్నాయి. దక్షిణాసియాలో అతి పాత ఆధునిక మానవుల ఎముకలు కూడా శ్రీలంక గుహల్లోనివే. అక్కడ రాయీ, ఎముకా, తేదీ కలిశాయి. చైనాలో ఫుయాన్ గుహ కథ వేరు. 2015లో అక్కడి 47 మనిషి పళ్లు కనీసం 80 వేల ఏళ్లవి అన్నారు. ఎందుకంటే వాటి పైన ఉన్న సున్నపు పెచ్చు వయసు అంత. 2021లో ఇంకో బృందం అదే గుహలోని పళ్లను నేరుగా కార్బన్-14తో, డీఎన్‌ఏతో పరీక్షిస్తే కొన్ని వేల ఏళ్లవే అని తేలింది. మొదటి బృందం ఒప్పుకోలేదు, మీరు పరీక్షించిన పళ్లు మావి కావు అంది. పెచ్చు పాతదే కావచ్చు, కానీ పన్ను ఆ పెచ్చు కిందికి ఎప్పుడు చేరింది? నీళ్లు పారే గుహలో ఆ ప్రశ్న ఎప్పుడూ ఉంటది.

ఇక మూడో ప్రశ్న, చుట్టరికం. 2025లో సెల్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 2,700 మందికి పైగా భారతీయుల జీనోమ్‌లు చదివింది. మన డీఎన్‌ఏలో ఎక్కువ భాగం సుమారు 50 వేల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి బయటకు వచ్చిన ఒకే గుంపు నుంచి వచ్చిందని వాళ్ల లెక్క. దీని అర్థం ఏంటంటే, టోబా బూడిద కింది రాళ్లు చెక్కింది ఆధునిక మానవులే అని రేపు రుజువైనా, వాళ్లు మన ముత్తాతల ముత్తాతలు కావాలని లేదు. ముందు వచ్చి, కొన్ని వేల ఏళ్లు బతికి, వారసులు లేకుండా పోయిన గుంపు కావచ్చు. ముందు ఎవరో రావడం వేరు, వాళ్ల పిల్లలు మనం కావడం వేరు.

దీనివల్ల జ్వాలాపురం విలువ తగ్గదు, నా లెక్కలో పెరుగుతది. "మా తాతలు" అనేసి కథ ముగిస్తే అక్కడ తవ్వాల్సింది ఏమీ మిగలదు. ఎవరో తేలని మనుషులు ఆకాశం నుంచి బూడిద రాలిన రోజులు చూసి, ఆ తర్వాత కూడా అదే వాగు ఒడ్డున అవే రాళ్లు చెక్కుకుంటూ బతికారు అంటే, వాళ్లెవరో కనుక్కోవాలి అనిపిస్తది. జంతువుల విషయంలో కూడా ఇట్లాంటి ఓర్పే కనిపించింది. బిల్లసర్గం గుహలను మళ్లీ తవ్వి, కొత్త పద్ధతులతో తేదీలు కట్టి 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, గుర్తుపట్టిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు రెండు లక్షల ఏళ్లలో వచ్చిన మార్పులను తట్టుకుని ఈ ఉపఖండంలో మిగిలాయి.

కానీ జ్వాలాపురం బూడిదకు ఇంకో గిరాకీ కూడా ఉంది. పాత్రలు తోమే పొడుల తయారీకి దాన్ని తవ్వి అమ్ముకున్నారు. ఆ తవ్విన గుంతల గోడల్లోనే పొరలు స్పష్టంగా కనబడ్డాయి అనేది నిజమే. మన ఓపెన్‌కాస్టు గోడలో సీమ్‌లు కనబడ్డట్టే. అయితే బొగ్గు తీసినప్పుడు మనకు కావాల్సింది బొగ్గు, ఓబీని గుట్టలా పోస్తాం. ఆ గుట్టను చూసి ఏ రాయి ఏ పొరదో ఎవరూ చెప్పలేరు. జ్వాలాపురంలో మనకు కావాల్సింది పొరల వరుసే. బూడిద లారీ ఎక్కితే, దాని కింద దొరికే రాయి ఒట్టి రాయి అయిపోతది. ఏ ల్యాబూ దానికి టోబా ముందా తర్వాతా అని మళ్లీ చెప్పలేదు.

మన దగ్గర భూపాలపల్లి వైపు పాండవుల గుట్ట బొమ్మలకు కూడా ఇదే వర్తిస్తది. అక్కడి ఎర్రరంగు జేగురు, అంటే ఇనుము కలిసిన మట్టి. దానిలో కర్బనం ఉండదు కాబట్టి కార్బన్-14 పని చేయదు. అట్లాంటి చోట బండ కింద ఉన్న మట్టి పొరలే సాక్ష్యం. పిక్నిక్‌కు పోయి అక్కడ గుంత తవ్వి పొయ్యి పెడితే, ఆ మట్టిలోకి మన బొగ్గు కలుపుతున్నట్టు. ఒక్క శాతం కలిస్తే ఏమైతదో ఇందాక లెక్క చేశాం.

కాబట్టి ఇకమీదట "ఇన్ని వేల ఏళ్ల నాటిది" అని ఎక్కడ చదివినా మూడు అడగండి. తేదీ కట్టింది దేనికి, పనిముట్టుకా, ఎముకకా, మట్టికా? అటూ ఇటూ ఎంత? చేసినోళ్లు ఎవరని ఎట్ల చెప్తున్నారు? ఈ మూడింటికి జవాబు ఉంటే అది చరిత్ర. లేకపోతే అది ఇంకా తవ్వాల్సిన చోటు, అందాకా పొరను కదపకుండా ఉంచాలి.